పోయినోడికే కూలి

పదిన్నరకు ఫోను రావాల్సి ఉంది. నాచారంలోని పోశయ్య ఇల్లు పదింటి నుంచే దానికి సిద్ధమవుతోంది. కౌసల్యమ్మ నానిన మినప్పప్పును గ్రైండరులో వేయకుండా మూతపెట్టి పక్కన ఉంచింది. టీవీ కట్టేసింది. పోశయ్య గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ వేళకు వీధిలోకి వచ్చే కూరగాయల బండివాణ్ణి అరవకుండా దాటించడం ఆయన పని.

"తమ్మీ, జర సప్పుడు జెయ్యకుంట పో. లోపట ఇంటర్వ్యూ ఉన్నది."

"ఎవరికి పెద్దాయనా, సురేషన్నకా?"

"ఎవరికైతే నీకేంది? బెండకాయ ఎంత జెప్పు. మెల్లగ జెప్పు."

లోపలి గదిలో మంచం మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకరు ఆ ఇంటి కోడలు సంతోషి. రెండో ఆమె అనంతలక్ష్మి, తుని నుంచి వచ్చి హబ్సిగూడలో ఒక హాస్టల్లో ఉంటున్న అమ్మాయి. ఇంటర్వ్యూ అనంతలక్ష్మిది. మాట్లాడబోయేది సంతోషి. తన పేరు మీద ఎవరేం మాట్లాడారో రేపు ఉద్యోగంలో చేరాక తెలిసుండాలి కాబట్టి అనంతలక్ష్మి పక్కనే కూర్చుని వినాలి.

ఈ ఏర్పాటు వెనక ఒక వ్యాపారం ఉంది. పోశయ్య కొడుకు సురేష్ అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీలో ఐదేళ్లు పనిచేసి, 2006లో ఇంటి ముందుగదిలోనే సొంత బోర్డు పెట్టాడు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఆర్నెల్లకో ఏడాదికో మనుషులు కావాలి. వాళ్లను తమ ఉద్యోగులుగా పెట్టుకోవడం వాటికి ఇష్టం ఉండదు. సురేష్ లాంటివాడు మనిషిని వెతికి, తన కింద ఉద్యోగంలో పెట్టుకుని, అక్కడికి పంపుతాడు. కంపెనీ నెలకింత అని సురేష్‌కి ఇస్తుంది. జీతం పోగా మిగిలింది సురేష్‌ది. పోశయ్య ముప్పై ఏళ్లు నాచారం ఫ్యాక్టరీలకు హెల్పర్లను పంపిన లేబర్ మేస్త్రీ. కొడుకు వ్యాపారాన్ని ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"నాయిన చెప్పులేసుకున్నోళ్లను పంపిండు, నేను బూట్లేసుకున్నోళ్లను పంపుతున్న. గంతే ఫరక్," అనేవాడు సురేష్.

కొత్తగా దుకాణం పెట్టినవాడు ముందు అమ్మేది ఇంట్లో ఊరికే పడి ఉన్న సరుకునే. సురేష్ ఇంట్లో అలా ఉన్నది భార్య చదువు. సంతోషి అంబర్‌పేట పిల్ల. ఎంసీయే చదివి, హబ్సిగూడలో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసింది. ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఆ కంపెనీ మూతపడింది. కూతురు బిందు ఇప్పుడు ఎల్కేజీ. మళ్లీ ఉద్యోగానికి పోతానని సంతోషి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సురేష్ ఒకటే మాట చెప్పాడు. ఇంకో ఏడాది ఆగు, ఇది మనదే కదా అని.

ఆమె మొదటిసారి ఇంకొకరికి బదులు మాట్లాడింది బోడుప్పల్ అమ్మాయి రాణి కోసం. మాదాపూర్ కంపెనీవాళ్లు ఫోను చేసే రోజున రాణికి జ్వరంతో గొంతు పూడుకుపోయింది. సురేష్‌కి అదే మొదటి పెద్ద క్లయింటు. ఒక్కసారి, పది నిమిషాలు అని బతిమాలాడు. సంతోషి మాట్లాడింది. రాణికి ఉద్యోగం వచ్చింది. తర్వాత నెల రోజులు సాయంత్రాలు రాణిని కూర్చోబెట్టి పని కూడా నేర్పింది. మధ్యలో ఇంకో అమ్మాయికి మాట్లాడింది గాని, ఆ పిల్లకు పెళ్లి కుదిరి చేరనే లేదు. మొదటిసారి జ్వరం కారణం. ఆ తర్వాత కారణం వెతకాల్సిన పని లేకపోయింది. అమ్మాయిల రెజ్యూమేల మీద నెంబరు వేయడానికి సురేష్ వేరే ఒక సెల్ ఫోను కొని లోపలి గదిలో పెట్టాడు.

ఆ ఫోను మోగింది. అవతల మాదాపూర్ కంపెనీ ప్రాజెక్టు మేనేజరు, త్రిపురసుందరి. సంతోషి ఇంగ్లీషులో అనంతలక్ష్మినని చెప్పుకుంది. ప్రశ్నలు నడిచాయి. హద్దుల దగ్గర సాఫ్ట్‌వేర్‌ని ఎలా పరీక్షిస్తావని అడిగితే, ఆర్టీసీ బస్సులో అర టికెట్టు లెక్క చెప్పింది. ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు అర టికెట్టు అయితే, తప్పులు మధ్యలో ఉండవు, అంచుల దగ్గర ఉంటాయి. నాలుగుకి చూడాలి, ఐదుకి చూడాలి, పన్నెండుకి, పదమూడుకి చూడాలి. అవతలివాళ్లు నవ్వడం వినిపించింది.

ఫోను పెట్టేశాక అనంతలక్ష్మి ఊపిరి వదిలింది. "అక్కా, నేనైతే ఇంత బాగా చెప్పలేను."

"చెప్పలేవనే కదా నేను చెప్పింది," అంది సంతోషి.

సురేష్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమన్నరు?"

"శుక్రవారం చెప్తరట."

"అయితే అయినట్టే. నువ్వు మాట్లాడినంక కాకుంట పోయిందా ఎన్నడన్న?"

మెచ్చుకోలుగానే అన్నాడు. అని, అనంతలక్ష్మికి కాగితాలు చెప్పడానికి ముందుగదిలోకి తీసుకుపోయాడు. వంటింట్లో గ్రైండరు మొదలైంది. సంతోషి మంచం మీద కాసేపు అలాగే కూర్చుంది. మాట్లాడుతున్నంతసేపు ఆమెకు బాగుండేది. ఫోను పెట్టేశాక ఆ బాగుండటం ఎవరి ఖాతాలోకి పోయిందో తెలిసేది కాదు.

మర్నాడు పేపర్లో ఉద్యోగాల పేజీలో ఒక ప్రకటన చూసింది. అదే మాదాపూర్ కంపెనీ. టెస్టింగ్ పనికి సొంత ఉద్యోగులు కావాలట. మూడేళ్ల అనుభవం చాలు. శనివారం నేరుగా వచ్చేయొచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఉప్పల్ రింగురోడ్డు నుంచి కంపెనీ బస్సు ఉంటుందని ఉంది.

ఆ చివరి వాక్యం దగ్గరే ఆమె ఆగిపోయింది. మాదాపూర్‌కి రెండు సిటీ బస్సులు మారి పోయి రావడమంటే బిందు నిద్రలేవకముందు బయల్దేరి, నిద్రపోయాక చేరడం. కంపెనీ బస్సుంటే లెక్క మారిపోతుంది. సురేష్‌కి చెప్తే ఏమంటాడో తెలుసు. క్లయింటు దగ్గరికా అంటాడు. ఆమెకూ ఆ భయం ఉంది. కాని అంత పెద్ద కంపెనీలో ఎవరో ఒక మేనేజరు ఫోనులో విన్న గొంతును ఎన్నాళ్లు గుర్తుంచుకుంటుంది? సెల్ ఫోనులో గొంతు వేరు, ఎదురుగా గొంతు వేరు. అలా అనుకుని, అమ్మను చూసొస్తానని అత్తగారికి చెప్పి శనివారం పొద్దున బయల్దేరింది.

లెక్కలో తప్పు లేదు. కలపాల్సిన అంకె ఒకటి కలపలేదు, అంతే.

రాతపరీక్ష అయ్యాక ఆమెను ఒక గదిలోకి పిలిచారు. బల్ల వెనక యాభై దాటిన ఆవిడ, నేత చీర, మెడలో గుర్తింపు కార్డు. దాని మీద పేరు చదివి సంతోషి గుమ్మంలోనే ఒక క్షణం తడబడింది. వెనక్కి పోవచ్చు. పోలేదు. గొంతు తగ్గించి, నెమ్మదిగా మాట్లాడాలనుకుని కూర్చుంది.

మొదటి ఐదు నిమిషాలు అలాగే మాట్లాడింది. తర్వాత మరచిపోయింది. త్రిపురసుందరి ఆమె పాత కంపెనీ గురించి అడిగింది. అక్కడ పట్టుకున్న ఒక తప్పు గురించి సంతోషి చెప్తుంటే, కాగితం తీసి బొమ్మ గీసి చూపించమంది. ఇద్దరూ బల్ల మీదికి వంగారు. తన సొంత పేరు మీద, తను చేసిన పని గురించి ఇంకొకరితో మాట్లాడి సంతోషికి ఎన్నేళ్లయిందో. మాట దానంతటదే వేగం అందుకుంది. అంచుల దగ్గర పరీక్ష గురించి ప్రశ్న వచ్చింది. సంతోషి ఆలోచించకుండానే ఆర్టీసీ బస్సు ఎక్కేసింది.

త్రిపురసుందరి పెన్ను కింద పెట్టింది.

"నాలుగుకి చూడాలి, ఐదుకి చూడాలి," అంది తెలుగులోకి మారి. "పన్నెండుకి, పదమూడుకి. అంతేనా?"

"అంతేనండి."

"ఈ అర టికెట్టు నాకు రాణి చెప్పింది. మొన్న అనంతలక్ష్మి చెప్పింది. ఒకే ఇన్‌స్టిట్యూట్లో చదువుకున్నారేమో అనుకున్నాను. గొంతు కూడా ఇన్‌స్టిట్యూట్ వాళ్లే ఇస్తున్నారా అమ్మా?"

సంతోషి బల్ల మీది నుంచి వెనక్కి జరిగి కూర్చుంది.

"మీరెవరు?"

"సంతోషినండి. రెజ్యూమేలో ఉన్నది మొత్తం నిజమే."

"అయ్యుండొచ్చు. కాని నేనెలా నమ్మను? అనంతలక్ష్మి కాగితం మీద కూడా అన్నీ నిజాలేనని రాసుంది." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ అమ్మాయిలని పంపించేది సురేష్ గారు కదూ. మీకేమవుతారు?"

"మా ఆయనండి."

త్రిపురసుందరి కాగితం మీద గీసిన బొమ్మను కాసేపు చూసింది. "సోమవారం ఆయన్ని వచ్చి నాతో మాట్లాడమనండి. రాకపోతే మంగళవారం నేను పైకి రాసేస్తాను. రాణి ఉద్యోగం, ఆయన పంపిన మిగిలిన ఇద్దరు అబ్బాయిల ఉద్యోగం కూడా అందులో కొట్టుకుపోతాయి. మీరు వెళ్లండమ్మా. ఎండ ముదురుతుంది, దూరం కదా."

సంతోషి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ముందుగదిలో జిలేబీ పొట్లం విప్పి ఉంది. అనంతలక్ష్మి ఎంపికైందని శుక్రవారం సాయంత్రమే మెయిల్ వచ్చింది. ఆ ఆనందం సురేష్ ముఖంలో ఇంకా ఉంది. బిందు వేళ్లన్నీ పాకం చేసుకుని తాత పక్కన కూర్చుంది.

"అమ్మ ఎట్లున్నది బిడ్డా?" అడిగింది కౌసల్యమ్మ.

"నేను అంబర్‌పేట పోలే అత్తమ్మా. మాదాపూర్ పోయిన. ఇంటర్వ్యూకు."

నిలబడే మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. సురేష్ చేతిలో జిలేబీ ముక్కను తిరిగి పొట్లంలో పెట్టాడు.

"క్లయింటు దగ్గరికే పోవాల్నా నువ్వు? హైదరాబాదుల ఇంక కంపెనీలే లేవా?"

"ఉప్పల్ నుంచి బస్సు దానికే ఉన్నది."

"ఒక్క మాట నాకు చెప్తే ఏమైతుండె?"

"వద్దంటుంటివి."

"అంటుంటి. అందుకే చెప్పాలె." సురేష్ లేచి నిలబడ్డాడు. "ముగ్గురు పిల్లలు పని చేస్తున్రు ఆడ. వాళ్ల ఇండ్లల్ల పొయ్యి దాని మీదనే వెలుగుతుంది. ఒకటో తారీఖు వాళ్లకు జీతం నేను ఇయ్యాలె, కంపెనీ నాకు ఎప్పుడిచ్చినా. ఎంత కష్టపడి తెచ్చుకున్న క్లయింటు. నీకు గా ఫోన్లు మాట్లాడుడు ఇష్టం లేకుంటే ఒక్కసారన్న వద్దన్నవా?"

"అనలే. ఇంట్ల పని అనుకున్న. పప్పు కడుగు అంటే కడిగినట్టు. ఇంట్ల పని వద్దని ఎవరంటరు?"

"గది కష్టమని నేననుకోలే. నువ్వు మస్తు మాట్లాడుతవని..."

"మస్తు మాట్లాడుతనని నీకెరుకే. ఆమెకు కూడ ఎరుకే. ఆమెకెరుకైనది అనంతలక్ష్మి మాట్లాడిందని."

పోశయ్య మనవరాలి చేతులు తువ్వాలుతో తుడుస్తూ మధ్యలోకి వచ్చాడు. గొడవలు తీర్చడం ఆయన పాత వృత్తిలో భాగం.

"గింత లొల్లి ఎందుకుర మీకు? మా దినాలల్ల మల్లయ్యకు జరమొస్తే ఎల్లయ్య పోతుండె, మల్లయ్య గేటుపాసు మీద. ఫ్యాక్టరీకి పది మంది గావాలె. పొద్దుగాల పది తలకాయలు లెక్కకొస్తే సాలు. సూపర్‌వైజర్‌కు ఎరుకే, మాకు ఎరుకే. ఏ దినం పని ఆగలే. గిది గూడ గంతే గద. ఆ మేడంకు నచ్చజెప్పుండ్రి."

సంతోషి ఆయన వైపు తిరిగింది. "మామయ్యా, ఎల్లయ్య పోయిన దినం కూలి ఎవరికిచ్చెటోళ్లు?"

"ఎల్లయ్యకే. ఇంకెవరికిస్తం?"

"పాసు మల్లయ్యది కదా."

"పాసు ఎవరిదన్న గానీ, పోయినోడికే కూలి. మన దగ్గర గది పక్కా. పాసు నాది, సగం నాకియ్యిమని ఒకడు ఇంటి మీదికొస్తే గూడ ఇయ్యలే నేను. నాచారంల ఎవల్నన్న అడుగు."

"మరి ఫోను మీద పోయింది నేను గద. నా కూలి ఏది?"

బిందు తాత పక్క నుంచి లేచి వంటింట్లోకి పోయింది.

"కూలి ఏంది సంతోషి?" అన్నాడు సురేష్, గొంతు తగ్గించి. "ఇల్లు నీది, యాపారం నీది. వచ్చినయన్నీ..."

"పైసలు అడుగుతలేను. రాణి ఏడాది నుంచి చేస్తుంది. ఆమె పేరు మీద అనుభవం పడ్డది. రేపు ఇంకో కంపెనీకి పోతే ఆమె చూపించుకుంటది. మంచిదే, పిల్ల కష్టపడి నేర్చుకున్నది. నేను మాట్లాడింది ఎవరి పేరు మీద పడ్డది? ఇయ్యాల ఆమె నన్ను ఎవరు నువ్వని అడిగింది. నా పేరు చెప్పిన." అక్కడ సంతోషి ఆగింది. "నా పేరు చెప్తే నమ్మలేదు. నా నోటితోని నా పేరు చెప్తే."

ఏడ్చింది ఆమె కాదు, కౌసల్యమ్మ. గడప దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"టీవీ నేనే బంద్ జేస్తి. పిల్లను నేనే ఆవలికి తీస్కపోతి. లోపట నువ్వు సదువుకున్న పని చేస్తున్నవని సంబురపడ్డ. నీకు నౌకరీ మీద గింత పానం ఉన్నదని నాకన్న జెప్పకపోతివి బిడ్డా. బిందును నేను సూసుకోనా?"

"మీరు ఎన్నడు అడగలే అత్తమ్మా."

"అడగలే. నిజమే," అంది కౌసల్యమ్మ. ఆ ఒప్పుకోలు సంతోషికి సురేష్ సంజాయిషీల కంటే ఎక్కువ తగిలింది. వెళ్లి ఆమె పక్కన గడప మీద కూర్చుంది.

పోశయ్య తువ్వాలు మడత పెట్టి భుజాన వేసుకున్నాడు. మనుషులకు దినకూలీ లెక్కగట్టి బతికినవాడు. ఆయనకు కన్నీళ్లు పెద్దగా అర్థం కావు. లెక్క అర్థమవుతుంది.

"సురేషూ," అన్నాడు చివరికి. "పిల్ల లెక్కనే కరెక్టు. మనం దప్పినం."

"ఇప్పుడేం చేద్దమంటవు నాయినా?"

"సోమవారం నువ్వు పో. గేటు కాడ నిలవడేది మేస్త్రీ. పోరగాళ్లను ముంగటికి దొబ్బి మనం ఎన్కకు నిలవడొద్దు."

"పోయి ఒప్పుకుంటే కాంట్రాక్టు పోతది."

"పోకుంటే?"

"పోకున్నా పోతది, మంగళవారం."

"రెండు దిక్కులా పొయ్యేది ఒకటే గద. ఒక దిక్కు కాంట్రాక్టు పోతది. ఇంకో దిక్కు కాంట్రాక్టు, పేరు రెండు పోతయి. యాపారస్తుడివి, నువ్వే సూసుకో."

ఆదివారం పొద్దున సురేష్ మోటారుసైకిలు తీసి హబ్సిగూడ హాస్టలుకు పోయాడు. అనంతలక్ష్మి మెట్ల మీదే నిలబడి విన్నది. ఉద్యోగం లేదని అర్థమవగానే ఆమె అడిగింది ఒక్కటే.

"ఇంట్లో చెప్పేశానన్నా. మా నాన్న వీధంతా చెప్పేసుంటారు. ఇప్పుడు ఏమని చెప్పను?"

అమ్మినవాడు సరుకు వెనక్కి తీసుకోవచ్చు. తండ్రి చెప్పుకున్న మాటను ఎవరు వెనక్కి తీసుకుంటారు? తిరిగొస్తూ హబ్సిగూడ చౌరస్తా దగ్గర ట్రాఫిక్కులో ఆగినప్పుడు అతనికి తోచింది. తను ఎవరినీ మోసం చేయలేదని, అందరికీ తలా ఒక పని చూపిస్తున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. కంపెనీకి మనిషి, అమ్మాయికి ఉద్యోగం, తనకు మిగులు. ముగ్గురికీ లాభమైన బేరంలో నష్టపోయిన నాలుగో మనిషి ఇంట్లోనే ఉందని చూడలేదు. రోజూ చూసే మనిషి కాబట్టి చూడలేదు.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మాదాపూర్ పోయాడు. సాయంత్రానికి గాని రాలేదు. గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతుంటే సంతోషి మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పక్కన నిలబడింది. గ్లాసు ఖాళీ చేసి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏడాదిదాక కొత్త మనుషులను మన దగ్గర తీసుకోరు. రాణిని మేడం అప్పటికప్పుడు గదిలకు పిలిచి ఎదురుంగ అడిగింది. నేను బయట కూసున్న. గంటసేపు నా పానం నా దగ్గర లేదు. పాసయింది. రాణి, ఆ ఇద్దరు పిల్లగాండ్లు కాంట్రాక్టు అయ్యేదాక ఉంటరు. పిల్లగాండ్ల ఇంటర్వ్యూలు పిల్లగాండ్లే ఇచ్చుకున్నరు కాబట్టి బతికిపోయినం."

"మంచిగైంది," అంది సంతోషి. రాణి గురించే అన్నది.

"మాట్లాడిందెవరని అడిగింది. నీతోని ముందే అడిగి తెలుసుకున్నదే. మళ్ల నా నోటితోని చెప్పమన్నది."

"ఏం చెప్పినవు?"

"నా భార్య సంతోషి అని చెప్పిన. ఎంసీయే చేసిందని, ఏ కంపెనీల పని చేసిందో చెప్పిన. రాణికి పని నేర్పింది గూడ ఆమెనే అని చెప్పిన. ఆమె జాబ్ అడిగితే నేనే వద్దన్న అని చెప్పిన." బూటు తాడు ముడి పడిపోయింది. దానితో కుస్తీ పడుతూ తల ఎత్తకుండా అన్నాడు. "నిన్ను తీసుకోరట సంతోషి. రూల్స్ ప్రకారం కుదరదట. అడిగిన. రెండుసార్లు అడిగిన. కాని ఒక మాట నీకు చెప్పమన్నది."

"ఏంది?"

"ఈ ఏడాదిల ఆమె చేసిన ఇంటర్వ్యూలు అన్నిట్ల మంచిగ చెప్పింది నువ్వేనట. ఫోన్ల గూడ, ఎదురుంగ గూడ. మీ భార్య పేరు మీదనే చెప్తున్నాను, ఆవిడకి అలాగే చెప్పండి అన్నది."

సంతోషి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోబోయింది. రెండడుగులు వేసి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. శనివారం నుంచి ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది. సురేష్ ఒక కాలికి బూటుతోనే లేచి వచ్చాడు. ఆమె చేతిలో గ్లాసు తీసుకున్నాడు.

"నేను తీసుకున్నది నీ పేరు అని నాకు తెల్వలే," అన్నాడు. "పని అనుకున్న."

"పేరు లేకుంట చేస్తే పనే గద," అంది సంతోషి ముక్కు తుడుచుకుంటూ. కాసేపటికి, "బూటు విప్పుకో. ఇల్లంత మట్టి," అంది.

ఆ తర్వాతి నెలలు సురేష్‌కి బిగుతుగానే నడిచాయి. సాఫ్ట్‌వేర్ మనుషులు పోయేచోట కొన్నాళ్లు డేటా ఎంట్రీ పిల్లలను పంపుకున్నాడు. అమ్మాయిల కోసం పెట్టిన సెల్ ఫోనును సిమ్ తీసేసి అమ్మేశాడు. వచ్చిన ప్రతి అభ్యర్థికీ మొదటి రోజే చెప్పేవాడు, నీ ఫోను నెంబరే వేస్తా, నువ్వే మాట్లాడాలి, రాకపోతే ఇంకో నెల నేర్చుకుని రా అని. కొందరు వేరే కన్సల్టెన్సీకి పోయారు. పోనిచ్చాడు. అనంతలక్ష్మి పోలేదు. వారానికి మూడు సాయంత్రాలు నాచారం వచ్చి సంతోషి దగ్గర నేర్చుకుంది. మొదటి ఇంటర్వ్యూలో తప్పింది, రెండోది కూడా తప్పింది. మూడోది సికింద్రాబాద్‌లో ఒక చిన్న కంపెనీ. అక్కడ నిలబడింది. ఆ రోజు తునికి ఫోను చేసి తండ్రితో తనే మాట్లాడింది.

సురేష్ బోర్డు మీద భార్య పేరు కూడా రాయిస్తానన్నాడు. "ఇప్పుడొద్దు. ముందు నేనొక నౌకరీ చెయ్యాలె. తర్వాత చూద్దం," అంది సంతోషి. రెజ్యూమే కొత్తగా టైపు చేసుకుంది. ఎక్కడెక్కడికి పంపిందో సురేష్ అడిగితే చెప్పలేదు.

"నాకు చెప్తే ఏమైతది?"

"నువ్వు ఆళ్లను క్లయింటు చేసుకుంటవ్."

కౌసల్యమ్మ వంటింట్లోంచి నవ్వింది. సురేష్ కూడా నవ్వాడు గాని, నిజానికి అతను ఆలోచిస్తున్నది అదే.

తార్నాకలో ఒక కంపెనీవాళ్లు ఆమెను పిలిచారు. రెండుసార్లు వెళ్లొచ్చింది. జీతం మాదాపూర్‌లో ఇచ్చేదానికంటే తక్కువ. బస్సు ఎక్కితే అరగంట దారి. ఆఖరి మాట ఫోనులో చెప్తామన్నారు. ఆమెకు సొంత సెల్ లేదు కాబట్టి ఇంటి ల్యాండ్‌లైన్ నెంబరు ఇచ్చింది.

ఆ ఫోను వచ్చినప్పుడు సంతోషి డాబా మీద బట్టలు ఆరేస్తోంది. సురేష్ బయటికి పోయాడు. కౌసల్యమ్మ బిందును బడి నుంచి తేవడానికి వెళ్లింది. పోశయ్య రిసీవరు ఎత్తాడు.

"సంతోషి గారి ఇల్లేనా అండి? తార్నాక నుంచి మాట్లాడుతున్నాం. ఆవిడ ఉద్యోగం గురించి," అంది అవతల ఒక అమ్మాయి. "ఎప్పుడు చేరగలరో, జీతం సరేనో కాదో కనుక్కుందామని. ఇంట్లో పెద్దవాళ్లు కదా, మీరు చెప్పినా సరిపోతుంది అంకుల్."

పోశయ్యకు రెండింటికీ జవాబు తెలుసు. సోమవారం చేరుతుందని తెలుసు. జీతం తక్కువైనా ఒప్పుకుంటుందని తెలుసు. ముప్పై ఏళ్లు మనుషుల తరఫున ఇలాంటి మాటలు ఇవతల నిలబడి ఆయనే చెప్పాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఆమె మాట మేము జెప్పం. జర ఆగున్రి, ఆమెనే పిలుస్త."

రిసీవరును బల్ల మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, మోకాలు పట్టుకుని డాబా మెట్లెక్కడం మొదలుపెట్టాడు.